రేకు చుట్టిన కేబుల్‌కి దారెక్కడ?

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించుకునేవాళ్ళతో షాపులో అనే మాట ఒకటుంది: "షీల్డెడ్ కేబుల్ తీసుకోండి సార్, క్వాలిటీ ఉంటుంది." ఆ షీల్డ్‌ని ఎక్కడ కలపాలో మాత్రం చాలామంది చెప్పరు.

నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ప్రతి జంటనీ మెలిపెడతారు. బయటి నాయిస్ రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. రిసీవర్ ఆ రెండింటి తేడానే చూస్తుంది కాబట్టి నాయిస్ రద్దైపోతుంది. మామూలు యూటీపీ కేబుల్‌కి ఈ మెలికే రక్ష. షీల్డెడ్ కేబుల్‌లో అదనంగా పల్చటి అల్యూమినియం రేకు, దాన్ని ఆనుకుని డ్రెయిన్ వైర్ అనే ఇన్సులేషన్ లేని తీగ ఉంటాయి. రేకు పట్టుకున్న నాయిస్ భూమిలోకి పోవాలి. దారి లేకపోతే ఆ రేకే యాంటెన్నాలా పనిచేస్తుంది.

ఆ దారి ఇదీ: ప్లగ్ మీది లోహపు తొడుగు, స్విచ్ బాడీ, త్రీ పిన్ ప్లగ్, ఇంటి ఎర్త్ తీగ, ఎర్త్ గుంత. ఒక్క లంకె తెగినా షీల్డ్ దండగే. ప్లాస్టిక్ బాడీ, టూ పిన్ అడాప్టర్ ఉన్న పీఓఈ స్విచ్ అయితే మొదట్లోనే తెగిపోయినట్టు.

దండగతో పోతే పర్లేదు. మొన్న సెలవుల్లో మా బాబాయి వాళ్ళింట్లో కెమెరాలు బిగిస్తున్నప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని మల్టీమీటర్‌తో చూశాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు సరిగ్గానే ఉన్నాయి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య రీడింగ్ నిలవట్లేదు. బోర్డు విప్పితే మూడో పిన్ను వెనక తీగే లేదు!

"కెమెరాలు పనిచేస్తున్నాయి కదరా, ఇంకేంటి?" అన్నాడు బాబాయి.

బొమ్మ బాగానే వస్తుంది. కానీ ఎర్త్ లేని మెటల్ స్విచ్ బాడీ మీద, లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, సుమారు 115 వోల్టులు తేలుతుండొచ్చు. కరెంటు చాలా తక్కువ, ముట్టుకుంటే జిల్లుమంటుంది అంతే. అదే లోపల ఫేజ్ తీగ బాడీకి తగిలితే? మొత్తం 230 వోల్టులూ రేకు వెంబడి గేటు దగ్గరి కెమెరా లోహపు బాడీ దాకా వెళ్ళగలవు. ఫ్యూజు పోవడానికి ఎర్త్ దారి లేదు. వానలో ఆ స్తంభం పట్టుకునే పిల్లాడికి ఈ సంగతి తెలీదు.

అందుకే ముందు ఎర్తింగ్ సరిచేయించాం. న్యూట్రల్‌నే మూడో పిన్నుకి కలిపేసే అడ్డదారి ఒకటుంది, దాన్ని అస్సలు ఒప్పుకోకండి. తర్వాత షీల్డ్‌ని స్విచ్ వైపు మాత్రమే కలిపి, కెమెరా వైపు రేకు కత్తిరించి ప్లాస్టిక్ ప్లగ్ వేశాం. కెమెరా ఉన్న ఇనప స్తంభం మట్టిలో పాతి ఉంది. అక్కడి నేలకీ, ఇంటి ఎర్త్‌కీ మధ్య వోల్టేజి తేడా ఉంటే, రెండు చివరలా కలిపిన రేకులో కరెంటు పారుతుంది. పెద్ద భవనాల్లో రెండు చివరలా కలుపుతారు, కానీ అక్కడ ఎర్తింగ్ అంతా ఒకే వలగా కట్టి ఉంటుంది.

ఇంకో మాట. షీల్డ్ పిడుగుని ఆపదు, దానికి సర్జ్ ప్రొటెక్టర్ వేరే కావాలి. మోటారు, కరెంటు తీగల పక్కనే చాలా దూరం లాగాల్సి వస్తే తప్ప, ఇంటికి మంచి రాగి యూటీపీ చాలు. కేబుల్ కొనేముందు మూడో పిన్ను సంగతి తేల్చుకోండి.