కాలగణనము: ఎడిన్‌బర్గ్ ఫిరంగి నుండి వర్చువల్ మెషీన్ వరకు

1. ఒంటిగంట ఫిరంగి: నావికులు గడియారములు సరిచూచుకొనుటకై ఎడిన్‌బర్గ్ కోటయందు 1861లో నెలకొల్పబడెను, ఆదివారము, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ దినములందు మ్రోగదు.

2. షార్ట్ గడియారము: ఎడిన్‌బర్గ్ రాయల్ అబ్జర్వేటరీ, 1921. నిర్వాత పాత్రయందు ఊగు స్వేచ్ఛాలోలకము, 30 సెకండ్లకొకమారు దానికి తాడనమొసగి దానిచేతనే సరిదిద్దబడు అనుచర గడియారము అను రెండంగములు గలది.

3. ప్రత్యేక యంత్రము (ఇతరులతో పంచుకొనని కంప్యూటర్): సొంత క్వార్ట్జ్ స్ఫటికము గలది, కంప్యూటర్ గడియారమునకు సాధారణముగా 32,768 హెర్ట్జ్.

4. వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడచు మరియొక కంప్యూటర్): ప్రాసెసర్‌ను ఇతర మెషీన్‌లతో పంచుకొనుచు తన వంతుకై వేచియుండుటచే టైమర్ సంకేతములు ఆలస్యమగును, నిలిపి మరల నడపినచో గడియారము వెనుకబడవచ్చును.

5. పరిష్కారము: ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారములను సరిచేయు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్), రూపకర్త డేవిడ్ మిల్స్, 1985, యూడీపీ పోర్టు 123.

గమనిక: 1861, 1921, 1985 అను సంవత్సరములను, పోర్టు సంఖ్యను జతపరచు ప్రశ్నలకై కంఠస్థము చేయవలెను.