సుగ్గికి పోవుటకు వానయొక్కటియే కారణమా?

కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు ప్రాంతములలో పంట చేతికందని యేట ‘సుగ్గికి పోయినారు’ అను మాట ఇంటింటను వినబడును. ముసలివారిని అరుగుమీద విడిచి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు మిరపచేలకును, బెంగళూరు కట్టడపు పనులకును పోవుదురు. ఏల పోవుచున్నారని యడిగిన వాన లేదందురు. అది సగము నిజము.

మంత్రాలయము తుంగభద్ర యొడ్డుననే యున్నది. ఏరు కంటికి కనబడుచుండగనే మెట్టచేలు ఎండును. అదే నీరు దిగువ సుంకేసులవద్ద కర్నూలు–కడప కాలువలోనికి మళ్ళి నంద్యాల వైపున వరి పండించుచున్నది. 1876–78 నాటి ధాత కరవునకు పిమ్మట, అనగా 1871, 1881 జనాభా లెక్కల నడుమ, కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తగ్గెను. నాడు జనులు చచ్చిరి, నేడు బస్సెక్కుచున్నారు. మార్గములు మారినవి గాని మెట్టకు నీరు రాలేదు.

వలసపోవువారందరును కడు పేదలని తలపరాదు. పూర్వపు కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట వైపునుండి స్త్రీపురుషులు కువైటునకు పోవుదురు. ప్రయాణపు ఖర్చునకు పొలమో నగయో కుదువపెట్టవలెను. కుదువపెట్టుటకు ఏమైన నుండవలెను గదా! ఏమియు లేనివాడు గుంటూరునకు పోవును.

నేను చూచినంతలో, ఎద్దులనమ్మిన దినముననే ఇంటికి తాళము పడుట నిశ్చయమగును. అట్టివాడు తొలకరికి తిరిగివచ్చినను బాడుగ కాడియో ట్రాక్టరో దొరకువరకు కాచుకొనవలెను. ఈలోగా పదును పోవును. విత్తు ఆలస్యము, పంట తక్కువ, మరల సుగ్గి. పిల్లల చదువు సంగతి చెప్పనక్కరలేదు. నడుమ నాలుగు నెలలు బడి మానినవాడు మరల పలక పట్టుట అరుదు.

2006లో మొదలైన ఉపాధిహామీ పనులు కొందరిని ఊరనే నిలిపినవి. అయితే వారపు కూలి నెలలకు చేతికందినచో ఆకలి ఆగదు. మన సంఘములు విత్తనపువేళ అప్పిచ్చుచున్నవి, మంచిదే. సంక్రాంతికి గాదె వట్టిపోయినపుడు తిండిగింజలకును మేతకును చిన్న బదులు దొరికిన ఎద్దులు దొడ్డిలో నిలుచును. ఐదు కొర్రసాళ్ళకు ఒక కందిసాలు చొప్పున వేసికొన్నవారికి మూడు నెలలలో కొర్రబియ్యమును, పశువులకు గడ్డియు దక్కును. కంది పిదప వచ్చును.

దసరాలోపు జరుగు సభకు సభ్యులు తమ కాడి ఎద్దులెన్నియో, ఉన్న మేత ఎన్ని నెలలకు చాలునో వ్రాసికొని రాగోరుచున్నాను.