మేనల్లునికి లేఖ: వంశధార వెంట

  

సంక్రాంతి సెలవులలో విశాఖపట్టణమునుండి స్వయముగా కారు నడుపుకొనుచు శ్రీకాకుళప్రాంతమంతయు చూచి రావలెనని నీవు పంపిన పట్టిక చేరినది. రెండు దినములలో పదునాలుగు స్థలములను వ్రాసితివి. ఆ లెక్కన కారు దిగుటకును మరల నెక్కుటకును సరిపోవు వేళయే కాని, చూచుటకు వేళ చాలదు. కావున పెద్దవాడనను చనువు గొని సగమునకు మించి కొట్టివేసితిని, కోపింపకుము. ఇంకొక దినము సెలవు సంపాదించి, మిగిలినవానిని నేను చెప్పు వరుసను చూడుము.

నీవు ఊళ్లను గాక ఏటిని పట్టుకొని పొమ్మని నా సలహా. ఒడిశా కొండలలో పుట్టి, హిరమండలము కడ గొట్టా ఆనకట్టను దాటి, కళింగపట్టణమున సముద్రమున కలియు వంశధార గట్లమీదనే ఈ సీమ చరిత్రలో ముఖ్యభాగము నడచినది. ఒక రాజవంశపు రాజధానియు, ఒక బౌద్ధారామమును, ఒక ప్రాచీనమైన రేవును ఆ యొక్క నీటిపాయ వెంటనే వరుసగా నీకు కనబడునప్పుడు, విడివిడిగా చూచిన పది గుళ్లకంటె నీ మనస్సునకు అవి ఎక్కువగా పట్టును.

శ్రీకాకుళమున రాత్రి బస చేసి, తెల్లవాఱకముందే నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగము చేరుము. ఏటి యెడమగట్టుననున్న ఆ పల్లెయే తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరమని చెప్పినచో నీ పిల్లవాడు నమ్మడు. గడ్డివాములును, పశువులును, అరుగులపై ముచ్చటలాడు ముసలివారును తప్ప ఆ వీధులలో రాజచిహ్నమేదియు కానరాదు. అయినను 1078లో పట్టాభిషిక్తుడై, పిదప పూరీ జగన్నాథుని మహాలయమునకు పూనుకొనిన అనంతవర్మ చోడగంగదేవుడు మొదట ఏలినది ఇచటినుండియే. రాజధాని కటకమునకు తరలిపోయిన పిమ్మట ఊరు చిన్నబోయినది గాని అచటి శిల్పము చిన్నబోలేదు.

మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరులని ఆలయములు మూడు. వచ్చినవారిలో ననేకులు మధుకేశ్వరుని దర్శించి, తీర్థము పుచ్చుకొని, గంట కొట్టి వెడలిపోవుదురు. నీవు సోమేశ్వరునితో మొదలిడుము. ఆ గుడికి ముందు మండపము లేదు. నేలనుండి నేరుగ శిఖరమే లేచినట్లుండుటచేత, దృష్టి పక్కకు తొలగక గోడలమీదనే నిలుచును. ఉదయపుటెండ ఏటవాలుగా తాకుచున్నంతసేపు ప్రతి బొమ్మకును తన నీడ తోడై, వ్రేళ్ల మడతలు సయితము లెక్కింప వీలగును. మధ్యాహ్నమునకు ఆ నీడలన్నియు కరగి గోడ చదునైపోవును. తెల్లవాఱకముందే బయలుదేరుమనుట ఇందులకే. పిమ్మట మధుకేశ్వరాలయమునకు పోయి ద్వారబంధముల కడ నిలుచుండి, మెలికలు తిరిగిన ఆ రాతితీగలలో నొకదానిని మొదటినుండి చివరివఱకు కన్ను మరల్పక వెంబడించుము. గర్భగుడిలోని లింగము ఇప్పచెట్టు మోడునుండి వెలసినదని స్థలపురాణము. అర్చకులు ఆ కథను బహురసవత్తరముగ చెప్పుదురు, తొందరపెట్టక వినుము.

ఈ తీరమును తలచునపుడు ఒకరిని తలపక తప్పదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో ఈ వంశధారాతీరమందలి పర్వతాలపేటలోనే జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండగా, ఈ ముఖలింగపు శాసనముల లిపిని స్వయంకృషిచే చదువ నేర్చిరి. ఆయన జీవితమంతయు ఏ గ్రాంథికశైలితో పోరాడిరో ఆ శైలిలోనే నేనీ యుత్తరము వ్రాయుచుండుట ఆయన కంట బడినచో నన్ను గట్టిగా మందలించియుందురు. నా కిది చిన్ననాటి యలవాటు, ఇక విడువదు. ఆయన ఋణము ఏటి దిగువనుకూడ నీకు తగులును. కుడిగట్టుననున్న శాలిహుండము కొండపై బౌద్ధావశేషములను 1919లో మొదట గుర్తించినవారును ఆయనయే.

అపరాహ్ణమున ఎండ తగ్గినపిమ్మట ఆ కొండ నెక్కుము. ఎక్కుడు కష్టము కాదు. పిల్లవాడు నీకంటె ముందే పైకి చేరును. అచటి స్తూపములలో నొకదాని లోపల ఇటుకలను బండిచక్రపుటాకులవలె పేర్చి, నడుమ ఖాళీలను మట్టితో నింపిరి. పైకప్పు పోయి లోపలి కట్టడము బయటపడుటచేతనే మనకీ పనితనము తెలిసినది. తారయు, మారీచియు మొదలగు దేవతల విగ్రహములు దొరకుటనుబట్టి, తొలినాటి నిరాడంబరమైన బౌద్ధము కడపట తాంత్రికమార్గము త్రొక్కువఱకు ఈ కొండ సజీవముగనే యుండెనని గ్రహింపవచ్చును. అటనుండి ఏటి వెంట కళింగపట్టణమునకు పోయి, దీపస్తంభమును, నదీసముద్రసంగమమును చూడుము. గట్టునుండి చూచుటయే, నీటిలోనికి మాత్రము దిగవలదు. ఏటిమొగ కడ నీటిలాగు పైకి తెలియనిది.

మరునాడు శ్రీకూర్మమును, అరసవల్లియు. పశ్చిమాభిముఖుడైన కూర్మనాథునియెదుట రెండు ధ్వజస్తంభములున్న వింతను అందఱును చూచెదరు. నీవు ప్రాకారమండపపు స్తంభములపై తెలుగు శాసనములను, గోడలపై వెలిసిపోవుచున్న వర్ణచిత్రములను కూడ చూడుము. చేతితో తాకవలదని పిల్లవానికి ముందే చెప్పుము. అరసవల్లికి ఆదివారము పోకుము, త్రోపులాటలో స్వామి కనబడడు. సూర్యకిరణములు మూలవిరాట్టు పాదములను తాకు దృశ్యము మార్చి, అక్టోబరు నెలలలో కొలది దినములు మాత్రమే. ఇప్పుడు దానిని ఆశింపకుము.

తిరుగుదారిలో చిలకపాలెము కడ పెద్దరోడ్డు విడిచి పొందూరు పొమ్ము. నీ పట్టికలో ఈ పేరే లేదు. నా దృష్టిలో ముఖలింగమునకు సరితూగునది ఇదియొక్కటియే. అచటి ఆడువారు వాలుగచేప దవడయెముకను చేతబట్టి, దానియందలి సన్నని పండ్లతో పత్తిని గింజ వెంట గింజగా దువ్వుదురు. నలుసంతయు పోయి పోగులన్నియు ఒక్క దిక్కునకు తిరిగిన పిమ్మటనే గింజను వేఱుచేసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, రాట్నముపై వడకుదురు. నూఱవ నంబరు నూలు మరలేమియు లేక వడకబడుటను చూచినగాని నమ్మరాదు. ఆ దువ్వుటను కొంతసేపు ఊరక కూర్చుండి చూడుము. మాటలాడింపబోయి వారి పని చెఱుపకుము. పండుగ మూడునాళ్లు రాట్నములు తిరుగవు గనుక కనుమ దాటిన పిమ్మటనే ప్రయాణము పెట్టుకొనుము. పంచెయో చీరయో కొనదలచినచో అచటనే కొనుము, బేరమాడకుము.

నేను కొట్టివేసినవానిలో తేలినీలాపురము పక్షులను గూర్చి నీకు బాధ కలుగవచ్చును. గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును సెప్టెంబరు మొదలు మార్చివఱకు నుండునవే గాన, నాలుగవ దినము దొరకినచో టెక్కలి వైపు పోయి చూడుము. పలాస జీడిపప్పును తెచ్చుకొనవచ్చును. మిగిలిన సముద్రతీరములను మాత్రము నిస్సంకోచముగ కొట్టివేసితిని. విశాఖలో నున్నవానికి వేఱొక సముద్రమేల?

హైవేపై లారీల రద్దీ మిక్కుటము. చీకటిపడిన పిమ్మట కారు నడుపకుము. బయలుదేరు తేదీ నిశ్చయించి వెంటనే ఉత్తరము వ్రాయుము. శ్రీకాకుళమున బసకై తెలిసినవారితో చెప్పి యుంచెదను.

ఇట్లు,
ఆశీర్వాదములతో,
నీ మేనమామ