కలివికోడికి మొక్కలు నాటాలా?

ప్రశ్న: మాది కడప. డిగ్రీ చదువుతున్నాను. సెలవుల్లో లంకమల అడవికి వెళ్లి కలివికోడి కోసం మొక్కలు నాటాలనుకుంటున్నాం. మేలు జరుగుతుందా?

జవాబు: మీ తపన మంచిదే కానీ, మొక్కలతో మొదలుపెట్టకండి. ప్రకృతి పరిశోధకుడు జెర్డాన్ 1848లో లోకానికి తెలిపిన ఈ పక్షి 1900 తర్వాత చాలాకాలం కనబడలేదు. అంతరించిందనుకున్నాక 1986లో మీ జిల్లాలోనే మళ్లీ దొరికింది. దానికి కావలసింది దట్టమైన అడవి కాదు, మధ్యమధ్య నేల కనిపించే ముళ్లపొదల చిట్టడవి. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోట్లే దాని జాడలు ఎక్కువగా దొరికాయని పరిశోధకులు తేల్చారు. పొదలు నరికేస్తే దానికి నీడ పోతుంది, చెట్లతో నింపేస్తే తిరిగే నేల పోతుంది. అందుకే ఇక్కడ పునరుద్ధరణ అంటే ఉన్న పొదలను కాపాడటం, నరికివేతను, కొత్త తవ్వకాలను ఆపడం.

శిక్షణ లేనివాళ్ల వల్ల పక్షికి చేటే కదా అని కొందరంటారు. అది నిజమే. రాత్రిళ్లు తిరిగే ఈ పిరికి పక్షి కోసం టార్చిలతో, రికార్డు చేసిన కూతలతో సొంతంగా వెతకడం తప్పు. కానీ అటవీశాఖ అనుమతితో, నిపుణుల కింద చేయగల పనులున్నాయి: అడుగుజాడల కోసం పరిచిన మట్టిపట్టీలను రోజూ చూడటం, పొదలు లెక్కించడం, కెమెరా చిత్రాలను వేరుచేయడం. ఊరివాళ్లకు తెలియనిది మనకేం తెలుసు అంటారా? 1986లో దాన్ని పట్టి చూపింది స్థానికుడే. ముందు వాళ్ల దగ్గర నేర్చుకోండి, తర్వాతే అడవిలో అడుగుపెట్టండి.