నీడ నల్లగా లేదేం?

సందేహం: మా అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చాం. ఇక్కడి ఆర్ట్ మ్యూజియంలో పిసారో వేసిన ‘ఆపిల్ కోత’ చూశాను. అంతా చుక్కలే! ‘దూరంగా నిలబడితే రంగులు కలిసిపోతాయమ్మా’ అంది మా అమ్మాయి. ఎంత వెనక్కి జరిగినా నాకైతే పూర్తిగా కలవలేదు. పైగా చెట్టు నీడ నీలంగా, ఊదాగా ఉంది. లోపం నా కళ్లదా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ కళ్లకేం ఢోకా లేదండీ. ‘దూరం నుంచి చూస్తే కలిసిపోతాయి’ అన్నది పుస్తకాల్లో పాతుకుపోయిన సగం నిజం. పూర్తిగా కలిసిపోయేట్టయితే అన్ని వేల చుక్కలు పెట్టడం దేనికి? పిసారో రంగుల పళ్లెంలోనే కలిపేసేవాడు. కలిసీ కలవనట్టు ఉండబట్టే ఆ గడ్డి మీద ఎండ మెరుస్తోంది.

అసలు సంగతి పక్కనున్న రంగుది. పారిస్‌లో గోబెలిన్ నేత కార్ఖానా ఉంది. అక్కడ అద్దకం పనికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్ద. నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే ఆయన పరీక్షించి, తప్పు అద్దకానిది కాదు, నలుపు పక్కన పడ్డ నీలం, ఊదా దారాలదని తేల్చాడు. ఏ రంగైనా తన పొరుగు రంగు మీద తనకు విరుద్ధమైన ఛాయను పులుముతుంది. దీనిమీద ఆయన 1839లో పుస్తకమే వేశాడు. ఇంట్లోనే చూడొచ్చు: తెల్లగోడ ముందు ఎర్ర మందారాన్ని అర నిమిషం రెప్పవేయకుండా చూసి, పువ్వు తీసేయండి. గోడ మీద పచ్చటి ఛాయ తేలుతుంది. ఎండలో పసుపు తిరిగిన గడ్డి పక్కన నీడ నీలంగా, ఊదాగా తోచడమూ ఇలాంటిదే. నలుపు పూస్తే అక్కడ కాన్వాసుకు చిల్లు పడ్డట్టుండేది.

ఈ సూత్రాన్ని ఆధారం చేసుకుని చుక్కల పద్ధతిని నడిపింది సూరా, సిన్యాక్ అనే చిత్రకారులు. 1885లో వాళ్లతో పరిచయమయ్యేనాటికి పిసారోకి 55 ఏళ్లు. అప్పటికే పేరున్న మనిషి, తనలో సగం వయసున్న సూరా పద్ధతిని మొదటి నుంచి నేర్చుకున్నాడు. నాకు చుక్కల కంటే ఆ వినయమే ఎక్కువ నచ్చుతుంది. మీరు చూసినది 1888 నాటిది. 1890 ప్రాంతంలో ఆ పద్ధతి వదిలేశాడు. పని మరీ నెమ్మది, ఆ క్షణాన కలిగిన అనుభూతి చేతికి అందేలోపే చల్లారిపోతోందని ఆయన బాధ.

సందేహం: పిసారో ‘ఆపిల్ కోత’ను పుస్తకంలో చూశాను. ఆపిల్ పండ్లను గెడతో రాలగొడుతున్నారేమిటి? మేం మామిడికాయను చిక్కంతో కోస్తాం. గెడ పెడితే మా నాన్న ఊరుకునేవాడు కాదు!
- ఒక రైతు, నూజివీడు

సమాధానం: రైతు కన్ను! పిసారో కాపురమున్న ఎరానీ ఊరు నార్మండీ అంచున ఉంది. అటువైపు ఆపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ చేస్తారు. గానుగకెళ్లే పండుకు దెబ్బ తగిలితేనేం? బొమ్మలోని పండ్లు అందుకేనని నా ఊహ.