మేస్టారి గురించి రాసేముందు

చిరంజీవి అమ్మాయికి,

కన్నుమూసిన మేస్టారి మీద ఆదివారం పేజీకి వ్యాసం రాయమన్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ నిన్న ఫోన్లో అన్నావు. నాకు గొంతు పెగల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట. 'తీరని లోటు' అని రాయకు. 'అక్షర తపస్వి', 'కలం యోధుడు' కూడా వద్దమ్మా. ఇలాంటి మాటలు కాపీలో కనపడితే ఎర్ర సిరాతో కొట్టేసిన మనిషి ఆయన. నార్ల వెంకటేశ్వరరావు గారు వాడుక భాషలో సంపాదకీయాలు రాస్తుంటే చదివి, తన తెలుగు దిద్దుకున్నవాడు. ఆయన ఒప్పుకునే తెలుగులోనే ఆయన గురించి రాయి.

నువ్వు ఆయన్ని జర్నలిజం క్లాసులో చూశావు. నేను డెస్కులో చూశాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పటికి నేను చేరి ఏడాది కాలేదు. అవనిగడ్డ, నాగాయలంక వైపు తీగలు తెగిపోయాయి. ఏజెన్సీ వార్త టెలిప్రింటర్ మీద ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా దిగేది. ఇంగ్లీషు రాతలో 'ద'కూ 'డ'కూ తేడా ఉండదు కదా, పల్లె పేరు తెలుగులో ఎలా రాయాలో మాకు పాలుపోయేది కాదు. మేస్టారు ఆ కాగితం పట్టుకుని కంపోజింగ్ సెక్షన్‌లోకి వెళ్లారు. అక్కడ దివి వైపు నుంచి వచ్చిన కంపోజిటర్ ఒకాయన ఉండేవాడు. తనవాళ్ల కబురే అతనికి ఇంకా అందలేదు. మేస్టారు అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఇంటివాళ్లెవరెవరని అడిగారు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివారు. "సొర్లగొండి కాదండీ, సొర్లగొంది" అని అతను సరిచేశాడు. మేస్టారు అక్కడే కొట్టేసి 'ద' రాసుకున్నారు. వేల ప్రాణాలు పోయిన రాత్రి ఒక అక్షరం కోసం అంత ఆగాలా అని నాకప్పుడు అనిపించింది. "ఆ ఊళ్లో మిగిలినవాళ్లు ఈ పేపరు దాచుకుంటారయ్యా" అన్నారు. అంతే.

ఆ మాట నాకు అర్థమైంది మాత్రం తర్వాతెప్పుడో, నా తప్పు వల్ల. ఒక రిటైర్డు టీచరుగారు పోయిన వార్తలో ఆయన కొడుకు పేరు తప్పు రాశాను. మర్నాడు సవరణ వేశాం. మేస్టారికి అది చాలలేదు. సైకిలు మీద నన్ను ఎక్కించుకుని సత్యనారాయణపురంలో వాళ్లింటికి తీసుకెళ్లారు. ఆ వార్త కత్తిరించి గోడకు అంటించి ఉంది. తప్పు పేరును కలంతో కొట్టేసి, పైన సరైన పేరు రాసుకున్నారు. మేస్టారు చేతులు జోడించి "పొరపాటు మాదమ్మా" అన్నారు. నా పేరు చెప్పలేదు. తిరిగొస్తూ కూడా నన్ను ఒక్క మాట అనలేదు.

ఆయనకు కోపం లేదని రాయకు. ఉండేది. నిర్లక్ష్యంగా రాసిన కాపీని చించిన రోజులున్నాయి. అదీ రాయి. దాచిపెడితే ఆయన్ని ఎరిగినవాళ్లు నీ వ్యాసంలో మిగతాది కూడా నమ్మరు.

పెద్దపెద్దవాళ్ల నివాళుల కోసం ఫోన్లు చేస్తూ కూర్చోకు. పాత కంపోజిటర్లు, ప్రూఫు రీడర్లు ఒకరిద్దరు ఇంకా ఉన్నారు, నేను కలుపుతాను. సీసపు అక్షరాల కేసుల ముందు రాత్రంతా నిలబడ్డవాళ్లు. లీడు మార్చాల్సి వస్తే మేస్టారు వాళ్లకు ఎలా చెప్పేవారో వాళ్లనే అడుగు. ఎవరైనా చెబుతూ చెబుతూ ఆగిపోతే తొందరపెట్టకు. ఆయనతో దిగిన ఫోటోల గురించి, ఆయన నిన్ను మెచ్చుకున్న సంగతుల గురించి ఎక్కువ రాయొద్దు. వ్యాసం ఆయనది.

నేను రాయొచ్చు కదా అన్నావు. రెండుసార్లు కూర్చున్నాను తల్లీ, చెయ్యి సాగలేదు. నువ్వు రాస్తేనే నాకు తృప్తి.

పూర్తయ్యాక తిన్నగా ఆఫీసుకు పంపకు. మేస్టారి భార్య, వదినగారికి కళ్లు సరిగా ఆనడం లేదు. వెళ్లి పక్కన కూర్చుని నెమ్మదిగా చదివి వినిపించు. పేర్లు, ఊళ్లు, తేదీలు ఆవిడ సరే అన్నాకే పేజీలో పెట్టించు.

ఇట్లు,
నీ పెదనాన్న లాంటివాడు