గాలి ఎటు వీస్తోందో చూశారా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాను. ఆదివారాలు 30 కిలోమీటర్ల దాకా సైకిలు తొక్కుతాను. ఈ డిసెంబరులో ఒక్కడినే వికారాబాద్ వెళ్లి, అనంతగిరి కొండలు చూసి, అదే రోజు తిరిగి రావాలని ఉంది. చలికాలం కదా, అలసట తెలియదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: అలసట తెలియదన్న మాట నిజమే. చిక్కు కూడా అక్కడే. ఎండాకాలంలో ఒళ్లు ముందుగానే మొరపెట్టుకుంటుంది. చలిలో చెప్పాపెట్టకుండా చేతులెత్తేస్తుంది, అదీ ఇంటికి ఇంకా 40 కిలోమీటర్లు ఉందనగా.

ముందు లెక్క చూడండి. ఉప్పల్ నుంచి నగరమంతా అడ్డంగా దాటి అనంతగిరి వెళ్లి రావాలంటే దరిదాపు 170 కిలోమీటర్లు. గంటకు 18 చొప్పున తొక్కినా తొమ్మిదిన్నర గంటలు. డిసెంబరు చివర్లో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది 6.40 ప్రాంతంలో, కుంకేది ఆరు లోపే. మధ్యలో టిఫిను, చాయ్, ఓ పంక్చరు వేసుకుంటే తిరిగొచ్చేసరికి చీకటి. అదీ మెహిదీపట్నం ట్రాఫిక్‌లో. బ్రెవెట్‌లు, అంటే గడువు పెట్టిన దూరపు సవారీలు, తొక్కేవాళ్లు 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేస్తారు కదా అనకండి. వాళ్లు నెలల తరబడి దూరం పెంచుకుంటూ వచ్చినవాళ్లు. చీకటి పడితే లైట్లు, మెరిసే జాకెట్టు లేకుండా వాళ్లను తొక్కనివ్వరు.

ఇక గాలి. ఈ నెలల్లో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది. తెల్లవారుజామున ఆకు కదలదు, పొద్దెక్కాక లేస్తుంది. వికారాబాద్ మీకు పడమర. పోయేటప్పుడు గాలి వీపు తట్టి పంపిస్తుంది, ఆ వేగమంతా మన కాళ్ల బలమే అనుకుంటాం. మధ్యాహ్నం తిరుగు దారిలో అదే గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. ఒంటరి సవారీలో ముందు తొక్కి గాలి కాచేవాళ్లు కూడా ఉండరు.

అందుకే మీరు తూర్పుకు వెళ్లండి. ఉప్పల్ నుంచి పోచంపల్లి, అక్కడి నుంచి భువనగిరి, బీబీనగర్ మీదుగా ఇల్లు. మొత్తం 100 కిలోమీటర్ల చుట్టు. ఎదురుగాలి పొద్దున్నే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే అయిపోతుంది. పోచంపల్లి 1951లో వినోబా భావేకు తొలి భూదానం దక్కిన ఊరు. అక్కడ ఇడ్లీ తిని, ఓ అరగంట మగ్గాలు చూసి కదలండి. భువనగిరి కోట గుట్ట దూరం నుంచే ఊరిస్తుంది, ఆ మెట్లు మాత్రం ఇంకో రోజుకు దాచుకోండి. అన్నట్టు, 30 నుంచి ఒక్కసారిగా 100కు దూకకండి. మధ్యలో ఓ ఆదివారం 50, మరో ఆదివారం 70 చేయండి.

రెండు జాగ్రత్తలు. పొద్దున తూర్పుకు వెళ్తుంటే మీ వెనక వచ్చే డ్రైవరు కళ్లలో సూర్యుడు పడతాడు, మీరు అతనికి కనిపించరు. పగలైనా వెనక ఎర్ర లైటు వెలగనివ్వండి. రెండోది, కోతల తర్వాత పల్లె రోడ్లలో సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంచుతారు. ఆ గింజల మీద బ్రేకు వేసినా, హ్యాండిల్ తిప్పినా సైకిలు జారుతుంది. ఆగి, ఎదుటి బండిని పోనిచ్చి, ఖాళీ సగంలోంచి వెళ్లండి. ఎలాగూ అది ఒకరి పంట, దాని మీంచి తొక్కుకుపోవడం మర్యాద కాదు.

ప్రశ్న: చలిలో దాహమే వేయలేదు. మూడు గంటలు తొక్కి అర సీసా నీళ్లు తాగాను. సాయంత్రం తలనొప్పితో పడుకున్నాను. సంబంధం ఉందా?

జవాబు: చాలావరకు అదే కారణం అయివుంటుంది. చలిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఊపిరితోనూ నీరు పోతుంది, చలికి మూత్రం కూడా ఎక్కువే వస్తుంది. దాహం మాత్రం మందగిస్తుంది. కాబట్టి గడియారం చూసి తాగండి, 20 నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు. ఒక సీసాలో ఉప్పు, నిమ్మరసం కలపండి. చల్లటి నీళ్లు దిగకపోతే గోరువెచ్చనివి ఫ్లాస్కులో పోసుకోండి. గంటకోసారి అరటిపండో, పల్లీ పట్టీయో. ఆకలేసేదాకా ఆగొద్దు.

ప్రశ్న: గుడివాడలో టీచర్‌ని. పామర్రు, కూచిపూడి మీదుగా ఘంటసాల వరకు ఒంటరిగా సైకిలు మీద వెళ్లి బౌద్ధ స్తూపం చూసి రావాలని కోరిక. ఇంట్లో వద్దంటున్నారు. కుక్కల భయం నాకూ ఉంది.

జవాబు: ఇంట్లోవాళ్ల భయాన్ని వాదనతో పోగొట్టలేరమ్మా. దారి, ఆగే ఊళ్లు, తిరిగొచ్చే వేళ కాగితం మీద రాసివ్వండి, ఫోనులో లొకేషన్ పంచండి, చెప్పిన వేళకు ఫోన్ చేయండి. నాలుగింటికే బయల్దేరడం గొప్ప అనుకునేవాళ్ల మాట వినకండి. డెల్టాలో పొగమంచు కమ్మితే కాలువ గట్టు ఎక్కడ తెగిందో కూడా కనబడదు, వెనక లైటు లేని ట్రాక్టర్లు సరేసరి. మంచు విడిచాకే కదలండి.

కుక్క తరిమితే వేగం పెంచకండి. దిగి, సైకిలును దానికీ మీకూ మధ్య ఉంచుకుని నడవండి. చాలా కుక్కలకు పరుగు మీదే కోపం, మనుషుల మీద కాదు. డెల్టా రోడ్డుకు ఎత్తుపల్లాలు లేవని సంబరపడొద్దు. పల్లం లేదంటే కాళ్లకు విరామమూ లేదు. ఒకే భంగిమలో కూర్చుంటే అరచేతులు, సీటు తగిలేచోటు మొద్దుబారతాయి. పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడండి. రోడ్డు దిగి ఆగితే పల్లేరు కాయలు చూసుకోండి. మీ ట్యూబుకు సన్న వాల్వు ఉంటే పల్లె పంక్చరు షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి.

ప్రశ్న: ఆదిలాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. గేర్లు లేని పాత సైకిలు. దాంతో జనవరిలో నిర్మల్ వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు బాబూ, గేర్లు లేకపోతే ఎత్తుల్లో దిగి నడుస్తావు, అంతే. మహబూబ్ ఘాట్ దిగేటప్పుడే జాగ్రత్త. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు వణుకు పుట్టిస్తుంది, వేళ్లు మొద్దుబారి బ్రేకు నొక్కలేవు. పైన ఆగి చొక్కా లోపల ఛాతీకి ఓ దినపత్రిక పరుచుకో. ఐరోపా కొండల్లో పందేలు తొక్కేవాళ్లు ఎప్పటినుంచో చేసే పనే అది. చేతులకు గ్లవ్స్ వేసుకో. బ్రేకు రబ్బర్లు అరిగి ఉంటే బయల్దేరకముందే మార్పించు, రెండు చక్రాలకూ.